నిరంశకులు: తెలుగు నవలలో దయ్యం, కుటుంబం, దాయం (డిచ్‌పల్లి వైద్యుడు కేశవరెడ్డి నవలల నేపథ్యంలో)

మహాభారతంలోని ఏకచక్రపురం తమ ఊరేనని బోధను ప్రజలు చెప్పుకొంటారు. లక్క ఇంటి నుంచి బయటపడిన పాండవులు తలదాచుకొన్నదీ, భీముడు బకాసురుణ్ణి చంపిందీ అక్కడేనన్నది స్థలపురాణం. చరిత్రకారులు ఆ ఊరిని అశ్మక జనపదపు రాజధాని పోదనగా గుర్తిస్తారు. స్థలనిర్ణయం ఇక్కడ ప్రస్తుతం కాదు. నన్నయ ఆదిపర్వంలో తెలుగు చేసిన ఆ కథలో రాక్షసుని కంటే ముందు ఒక ఇంటి ఏడుపు వినిపిస్తుంది. ఆనాటి వంతు ఆ ఇంటిది. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి పోవాలి. తండ్రి తాను పోతానంటాడు, తల్లి తాను పోతానంటుంది, కూతురు తనను పంపమంటుంది. మాటలు రాని వయసు పిల్లవాడు గడ్డిపరక పట్టుకొని రాక్షసుణ్ణి తానే చంపుతానంటాడు. సంస్కృత మూలంలో కూతురు చెప్పే కారణం గమనింపదగింది. తండ్రి పోతే తమ్ముడూ నిలవడు, తమ్ముడు పోతే పితరులకు పిండం తెగిపోతుంది. రాక్షసుని వాకిట నిలిచి ఆ కుటుంబం చేసిన లెక్కలో అప్పటికే చనిపోయినవారు కూడా ఉన్నారు.

తెలుగులో ‘వంతు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి వరుసలో వచ్చే బాధ్యత, రెండవది పంపకంలో దక్కే భాగం. బకాసురుని కథలో ఈ రెండూ ఒకచోట కలుస్తాయి. తెలుగు నవలలో దయ్యానికీ కుటుంబానికీ ఉన్న సంబంధం ఈ కలయికలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చనిపోయినవారు మన నవలల్లోకి తిరిగి వచ్చినప్పుడు, పైకి అది భయం కథగానో వింత కథగానో కనిపించినా, లోపల ఉన్నది తేలని వాటా. దీనికి బలమైన ఉదాహరణలు నిజామాబాదులో నివసించి, డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాలలో పనిచేసిన నవలాకారుడు డా. కేశవరెడ్డి (1946–2015) రచనల్లో లభిస్తాయి.

ఈ కోణం ఇంతవరకు మరుగున పడడానికి రెండు విమర్శ పదాలు కారణమని చెప్పవలసి ఉంటుంది. ఒకటి ‘క్షుద్ర సాహిత్యం’, రెండవది ‘మాంత్రిక వాస్తవికత’. మొదటిది దయ్యం ఉన్న నవలను చదవకుండానే పక్కన పెట్టడానికి పనికివచ్చింది. రెండవది చదివిన తరువాత లాటిన్ అమెరికాకు పంపించడానికి పనికివచ్చింది.

సీసాలోని దయ్యం

ఆధునిక తెలుగు సాహిత్యంలో దయ్యం తొలుత నవ్వులాటగా ప్రవేశించింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్ల ఇంట పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించానని చెప్పుకొంటాడు. అది నాటకమే అయినా తరువాతి వచన సాహిత్యపు చూపును చాలాకాలం నిర్ణయించింది. దయ్యం ఉందన్నవాడు మోసగాడు, నమ్మినవాడు అమాయకుడు. సంస్కరణ యుగానికి ఆ వైఖరి అవసరమైంది కూడా. అయితే ఆ సీసా ఏ ఇంట్లోకి వచ్చిందన్నది మరచిపోరాదు. ముసలివాడు డబ్బిచ్చి పెళ్లికూతురును తెచ్చుకొన్న ఇల్లది, వితంతువైన కూతురు ఏ హక్కూ లేకుండా బతుకుతున్న ఇల్లది. గురజాడ దయ్యాన్ని ఎగతాళి చేశాడు గాని, దాన్ని పిలిపించిన ఇంటి లెక్కలను ఎగతాళితో సరిపెట్టలేదు.

1940లలో వచ్చిన రెండు ప్రసిద్ధ నవలలు దయ్యాన్ని మనసులోకి తీసుకువెళ్లాయి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును వెంటాడేది వంశగౌరవం నిలబెట్టమన్న తండ్రి మాట. ఆస్తి కరిగిపోయింది, మాట మిగిలింది. అతని కథ శ్మశానంలో ముగియడం యాదృచ్ఛికం కాదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’లో దయానిధికి సంక్రమించింది చనిపోయిన తల్లిని గురించి లోకం చెప్పుకొన్న మాట. ఇద్దరికీ తల్లిదండ్రుల నుంచి దక్కిన దాయం అనుభవించడానికి వీలులేనిది, వదిలించుకోవడానికీ వీలులేనిది. ఈ నవలలను అస్తిత్వవాదంతో, మనోవిశ్లేషణతో ముడిపెట్టి చేసిన విమర్శ విస్తారంగా ఉంది. అది సరైనదే. కాని దాయం అన్న ఇంటి మాటతో చూసినప్పుడు ఇవి మరింత దగ్గరి నవలలుగా కనిపిస్తాయి.

1980ల ఆరంభంలో వారపత్రికల పాఠకులను ఊపివేసిన యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సంగతి వేరు. విమర్శకులు ‘క్షుద్ర సాహిత్యం’ అన్న మాటను ప్రధానంగా ప్రయోగించింది ఆ నవల చుట్టూ, దాన్ని అనుసరించి వచ్చిన సీరియళ్ల చుట్టూ. మూఢనమ్మకాలను పెంచుతున్నదని ఆక్షేపణ. చేతబడి అనుమానంతో మనుషులను కొట్టి చంపిన సంఘటనలు తెలంగాణ పల్లెల్లో జరుగుతున్న కాలంలో ఆ ఆక్షేపణను తేలికగా తీసివేయడానికి వీలులేదు. చేతబడి అన్నది కాగితం మీద కథ, ఊరిలో నేరారోపణ. ఆ ఆరోపణ సాధారణంగా పడేది నోరులేని ముసలివారి మీద, ఒంటరి స్త్రీల మీద, దళితుల మీద. కాబట్టి ఆనాటి విమర్శకుల కోపానికి సామాజిక కారణం ఉంది.

అయితే ఆ నవలను ఇష్టంగా చదివిన గృహిణులు, విద్యార్థులు, గుమాస్తాలు అందరూ చేతబడిని నమ్మినందువల్లనే చదివారనుకోవడం పొరపాటు. ‘తులసిదళం’ కథకు ఇరుసు ఒక మధ్యతరగతి కుటుంబం. తల్లి, తండ్రి, చిన్న పాప. ఆ పాపకు దక్కవలసిన ఆస్తి మరొకరి కంటబడుతుంది, ప్రయోగం అక్కడ మొదలవుతుంది. పాపను బతికించే ప్రయత్నంలో మంత్రమూ మనోవైద్యమూ రెండూ ఒకేసారి నడుస్తాయి. ఏది పనిచేసిందో తేల్చే పనిని రచయిత పాఠకునికి వదిలివేస్తాడు. ఆ తేల్చకపోవడం మీదే అప్పట్లో వాదమంతా జరిగింది. ఆస్తి మీద ఎవరూ వాదించలేదు. పిల్లకు వచ్చిన సొత్తు పిల్ల ప్రాణానికే ముప్పు కావడం అన్న భయం ఉమ్మడి కుటుంబాలు విడిపోయి, ఆడపిల్ల పేర డబ్బు వేయడం అలవాటవుతున్న తరానికి బాగా తెలిసిన భయం. 1956 హిందూ వారసత్వ చట్టం కూతురికి తండ్రి స్వార్జితంలో వాటా ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1986లో ఆ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలోనూ పెళ్లికాని కూతురికి పుట్టుకతో హక్కు కల్పించింది. ఈ రెండు తేదీల మధ్యనే ‘తులసిదళం’ ఉంది. నవలకు చట్టం కారణమని దీని అర్థం కాదు. ఒకే ఆందోళన రెండు చోట్ల కనిపించిందనుకోవడం సబబు.

ఆ నవలకున్న పరిమితి కూడా ఇక్కడే ఉంది. అందులో క్షుద్రశక్తికి తనదైన ఫిర్యాదు లేదు. డబ్బిచ్చినవాడి కోసం పనిచేసే కిరాయి శక్తి అది. పాప బతికితే కథ తీరుతుంది, ఆస్తి ఎవరిది, ఎందుకన్న ప్రశ్న అడగకుండానే తీరుతుంది. చనిపోయినవాడు స్వయంగా వచ్చి నా భాగమేదని అడిగే నవల రావడానికి మరికొంత కాలం పట్టింది.

వాటా లేనివారు

భాగం అడగడం అన్న మాట వచ్చింది గనుక ధర్మశాస్త్రం వైపు కొంత చూడవలసి ఉంటుంది. పదమూడవ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చిన ‘విజ్ఞానేశ్వరీయము’నకు మూలం మితాక్షర. అది కల్యాణి చాళుక్యుల ఆస్థానంలో యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య. నేటి నిజామాబాదు ప్రాంతం అప్పుడు ఆ చాళుక్యుల ఏలుబడిలోనిదే. పుట్టుకతోనే కొడుకుకు వాటా వస్తుందని మితాక్షర చెబుతుంది. బెంగాలులో జీమూతవాహనుని దాయభాగం, చనిపోయినవారికి పిండం పెట్టగల అర్హతను బట్టి వాటాను నిర్ణయిస్తుంది. సిద్ధాంతాలు వేరైనా తెలుగు ఇళ్లలో ఈ రెండూ కలగలిసే నడిచాయి. తలకొరివి పెట్టినవాడిదే ఇల్లు అన్న వాడుక అందుకు సాక్ష్యం.

యాజ్ఞవల్క్యుడు వాటా లేనివారి పట్టిక కూడా ఇచ్చాడు. వారికి ఆయన పెట్టిన పేరు ‘నిరంశకులు’. అంధులు, మతిస్థిమితం లేనివారు, నయంకాని రోగంతో బాధపడేవారు ఇందులో ఉన్నారు. వారిని పోషించాలి, భాగం మాత్రం ఇవ్వనక్కరలేదు. ‘నయంకాని రోగం’ అన్నచోట న్యాయస్థానాలు తరువాత ముఖ్యంగా కుష్ఠును చదువుకొన్నాయి. బ్రిటిషిండియాలో 1928 చట్టం రోగకారణంగా వాటా పోవడాన్ని చాలావరకు తొలగించింది. స్వతంత్ర భారతంలో 1956 చట్టపు 28వ సెక్షను ఏ రోగమైనా వారసత్వానికి అడ్డు కాదని స్పష్టం చేసింది.

డిచ్‌పల్లి ఈ చరిత్రలోకి వచ్చేది ఇక్కడే. వైద్య మిషనరీ ఇసబెల్ కెర్ కృషితో 1915లో అక్కడ విక్టోరియా కుష్ఠు వైద్యశాల ఏర్పడింది. స్థానిక దాత రాజా నర్సాగౌడ్ అందుకు అండగా నిలిచారు. చుట్టుపక్కల జిల్లాల నుంచే కాక మరాఠీ, కన్నడ ప్రాంతాల నుంచి కూడా రోగులు వచ్చారు. ఇంటివారు తీసుకువచ్చి విడిచిపోయినవారు కొందరు, ఇంటివారికి చెప్పకుండా వచ్చినవారు కొందరు. 1980లలో బహుళ ఔషధ చికిత్స వచ్చిన తరువాత రోగం నయమైంది. నయమైన మనిషికి ఇంటికి తిరిగి వెళ్లే దారి దొరకడం మాత్రం మందుతో అయ్యే పని కాదు. బతికి ఉండగానే తన వాళ్ల లెక్కలో చనిపోయి, నయమై తలుపు తట్టిన మనిషిని చూసి ఇల్లు భయపడితే, ఆ భయాన్ని ఏమని పిలవాలి? దయ్యాన్ని చూసినట్టు చూశారన్న వాడుక తెలుగులో ఊరికే పుట్టలేదు.

కేశవరెడ్డి ఏళ్ల తరబడి పనిచేసింది అటువంటి మనుషుల మధ్య. అయినా ఆయన పేరు నిలిపిన నవలలు పుట్టిన చిత్తూరు పల్లెల గురించినవి. కుష్ఠు వైద్యశాల అనుభవమే ఆయన నవలల్లోని మృతులను సృష్టించిందని సూటిగా చెప్పడానికి ఆధారం లేదు. అటువంటి సులువైన సమీకరణం విమర్శకు మేలు చేయదు కూడా. చెప్పగలిగింది ఇంతే: వాటా పోయిన మనిషి తిరిగి వస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఆయన వృత్తిలోనూ రచనలోనూ ఒకే కాలంలో ఉంది.

నేల వదలని రైతు

చెరకు నేలకు సంబంధించిన ఒక విషయం ఇక్కడ చేర్చుకోవాలి. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ బోధను ప్రాంతపు బతుకును మార్చివేసింది. కాలువ కింద చెరకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడింది. కృష్ణా, గోదావరి జిల్లాల రైతులు వచ్చి భూములు కొని ఊళ్లు కట్టుకొన్నారు. వాటిని ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. కర్మాగారం ఉద్యోగాలకు, కూలికి ఎక్కడెక్కడి వారో వచ్చారు. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు ఉత్తరాన గోదావరి ఒడ్డు పల్లెలను ముంచింది. ఆ పల్లెలవారి పెద్దల సమాధులు నీటి అడుగున ఉన్నాయి. అంటే ఇది తమ మృతులు మరొకచోట ఉన్న మనుషులు పెద్దసంఖ్యలో నివసించే నేల. చిత్తూరు నుంచి వచ్చి నిజామాబాదులో స్థిరపడిన కేశవరెడ్డి అటువంటివారిలో ఒకరు. నీరు పారే చోట నివసిస్తూ, నీరు లేక భూములు పోయిన పల్లెలను ఆయన రాశారు.

‘మూగవాని పిల్లనగ్రోవి’ ఒంటిల్లు అనే పల్లె కథ. బక్కిరెడ్డి అనే రైతు. కరువూ అప్పూ కలిసి అతని భూమిని చేజార్చాయి. భూమి పోయిన తరువాత అతడు నిలవలేదు. పోయిన తరువాత కూడా అతనికీ ఆ నేలకూ ఉన్న సంబంధం తెగలేదన్నది ఊరు చెప్పుకొనే గాథ. నవల ఆ గాథ గొంతుతోనే సాగుతుంది. ఇక్కడ చట్టం ఒకవైపు ఉంది. అప్పు నిజం, పత్రం నిజం, చేతులు మారడం నిజం. వాటిలో ఏదీ అబద్ధమని నవల అనదు. అయినా ఆ నేల ఎవరిదన్న ప్రశ్నకు పత్రం ఇచ్చే జవాబు ఊరికి చాలదు. చాలని చోటును పూరించడానికి ఊరు మృతుణ్ణి పిలుచుకొంటుంది. గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించింది డబ్బు కోసం. ఒంటిల్లు తన మృతుణ్ణి నేలలో నిలుపుకొన్నది న్యాయం కోసం. సంస్కరణ యుగపు ఎగతాళి ఇక్కడ పనిచేయదు. ఇక్కడ మోసపోయినవాడు నమ్మినవాడు కాదు, చనిపోయినవాడు.

ఆయన నవలల పేర్లలోనే ఈ ధోరణి కొంత కనిపిస్తుంది. ‘శ్మశానం దున్నేరు’ అన్న పేరులో నాగలీ పాడెలు చేరే చోటూ పక్కపక్కన ఉన్నాయి. సాగుభూమికీ శ్మశానానికీ నడుమ ఉన్న గట్టు ఆయన రచనల్లో ఎప్పుడూ పలుచనే.

2008లో పుస్తకంగా వచ్చిన ‘మునెమ్మ’లో దయ్యం లేదు. అయినా ఈ చర్చలో దాన్ని విడిచిపెట్టడం కుదరదు. బొల్లిగిత్తను అమ్మడానికి సంతకు తోలుకుపోయిన జయరామి తిరిగి రాడు. గిత్త ఒక్కటే ఇంటికి వస్తుంది. సినబ్బ అనే కుర్రవాని కథనంలో మునెమ్మ ఆ గిత్తను వెంటబెట్టుకొని భర్త పోయిన దారిన బయలుదేరుతుంది. నవలలో చాలాభాగం చనిపోయినవాడు ఎక్కడా కనిపించకుండానే కథను నడిపిస్తాడు. అతని తరఫున సాక్ష్యం చెప్పేది నోరులేని పశువు. హంతకులతో తగవు తీర్చేదీ అదే. మునెమ్మకు, గిత్తకు నడుమ ఉన్న బంధం గురించి స్త్రీవాద దృష్టి నుంచి వచ్చిన చర్చ ముఖ్యమైనదే. కాని ఆ చర్చ వేడిలో ఒక చిన్న సంగతి మరుగున పడింది. భర్త పోయిన ఇంట్లో భార్యకు ఏమి మిగిలిందన్న ప్రశ్నను మునెమ్మ ఇల్లు కదలకుండా అడగదు. దారిలోకి దిగుతుంది. పోలీసు ఠాణాకో కులపెద్దల దగ్గరకో పోయి అడిగితే దొరికే జవాబు ఏమిటో ఆమెకు తెలుసుననిపిస్తుంది.

ఈ నవలల గురించి ‘మాంత్రిక వాస్తవికత’ అన్న మాటను తరచుగా వాడారు. పోలిక అసంగతం కాదు. మెక్సికో రచయిత హువాన్ రుల్ఫో ‘పెద్రో పారమో’ (1955)లో చనిపోయే తల్లి కొడుకును తండ్రి ఊరికి పంపుతుంది, మనకు ఇవ్వవలసింది ఇవ్వలేదని, పోయి అడగమని. ఆ ఊరి నిండా మృతులే. అమెరికాలో టోనీ మోరిసన్ ‘బిలవెడ్’ (1987)లో తల్లి చేతిలో చనిపోయిన బిడ్డ తిరిగి ఇంటికి వస్తుంది. బిడ్డ తల్లిదా, యజమానిదా అన్న ప్రశ్న బానిసత్వపు చట్టం నుంచి పుట్టింది. చూడగా ప్రపంచంలోనూ మంచి దయ్యపు నవలలు దాయం తగవులే. పోలిక మంచిదే, పేరు మాత్రం ఇబ్బంది పెడుతుంది. మాంత్రికం అన్నప్పుడు అసాధారణమైనదేదో జరుగుతున్నదన్న సూచన వస్తుంది. తెలంగాణ ఇళ్లలో పెత్రమాస నాడు చనిపోయిన పెద్దల పేరుతో బియ్యం, కూరగాయలు ఇచ్చి, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ పేర్చుకొంటారు. బోధను పక్కన కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలిసే చోట అస్థికలు కలుపుతారు. పెద్దలు అన్న మాట బతికి ఉన్న పెద్దలకూ పోయిన పెద్దలకూ ఒకటే. ఇంత మామూలుగా మృతులతో ఇచ్చిపుచ్చుకొనే సమాజంలో బక్కిరెడ్డి నేలను వదలకపోవడం మంత్రం కాదు, మర్యాదలో వచ్చిన తేడా. పెద్దలకు వారి భాగం పెట్టనప్పుడు వారు అడుగుతారు.

పాఠకులు ఈ నవలలను ఎట్లా తీసుకొన్నారన్నది విమర్శ చేసిన వర్గీకరణ కంటే భిన్నంగా ఉంది. ‘తులసిదళం’ చదివి భయపడినవారే ‘మూగవాని పిల్లనగ్రోవి’ చదివి ఏడ్చిన సందర్భాలు ఒక తరంలో అరుదు కాదు. వారు ఒక శిబిరం నుంచి మరొక శిబిరానికి మారలేదు. ఇంట్లో ఎవరికి దక్కవలసింది ఎవరికి దక్కలేదన్న ఎరుక రెండుచోట్లా వారిని కదిలించింది. మొదటి నవల ఆ ఎరుకను భయంగా మార్చి విడిచింది. రెండవది దాన్ని ఊరి నేల దాకా తీసుకువెళ్లింది. ఈ తేడాను చెప్పగల విమర్శ పరిభాష మనకు స్మృతుల దగ్గర, వాడుక మాటల దగ్గర సిద్ధంగానే ఉంది. వంతు, పాలు, దాయం, ఋణం, పెద్దలు అన్న మాటలు అవే.

2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి వెళ్లిన శక్కర్‌నగర్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. అదే సంవత్సరం ఫిబ్రవరి 13న కేశవరెడ్డి నిజామాబాదులో మరణించారు. అప్పటికి 1898 నాటి కుష్ఠు రోగుల చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది, 2016లో రద్దయింది. భార్యాభర్తల్లో ఒకరికి కుష్ఠు ఉంటే రెండవవారు విడాకులు కోరవచ్చన్న నియమాన్ని 1955 హిందూ వివాహ చట్టం నుంచి తొలగించింది 2019లో.